పటములోని నీడ

1975వ సంవత్సరమున నా మిత్రుఁడొకఁడు ఆగ్ఫా క్లిక్ కెమెరా కొనెను. ఫిలిమునకు పండ్రెండే పటములు. కావున తొందరపడక, ఎదుటివారికి నిజముగా నవ్వు వచ్చువఱకు వేచియుండెడివాఁడు.

ఛాయాపటము తీసిన నాయువు తగ్గునని మా యమ్మ నమ్మకము. ఒకనాఁడామె పెరటిలో ఆవకాయకు కాయలు కొట్టుచు, మా మాటలకు పకపక నవ్వఁగా, అతఁడు మీట నొక్కెను. ఆమె కోపించెను, పటము వచ్చిన పిమ్మట మాత్రము దానిని తన ట్రంకుపెట్టెలో దాఁచుకొనెను. మఱి యిరువదియేండ్లు బ్రతికెను కూడ!

మిత్రుఁడు నలువదియేండ్లు నిండకయే పోయెను. అతని పటమొక్కటియు నాయొద్ద లేదు. ఎప్పుడును తీసినవాఁడతఁడే గదా! "ఇటు తెమ్ము, నిన్ను నేను తీసెద" నని ఒక్కమాఱైనను అననైతిని.

ఎండ వీపునకుండవలె ననుట అతని నియమము. అందుచే అమ్మ పటమున, మామిడిముక్కల ప్రక్కన, మోచేతులెత్తిన అతని నీడ పడియున్నది. ఆ నల్లని మచ్చను కత్తిరింపుమని పిల్లలందురు. నేనొల్లను.