మోయబు రాతిదారులు – బండికి తగిన మెట్టు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పడమటి దిక్కున యూటా యను రాష్ట్రము కలదు. దాని తూర్పు భాగమున, కొలరాడో నది చెంత, మోయబు అను చిన్న పట్టణమున్నది. సాల్ట్ లేక్ నగరమునుండి అచ్చటికి కారులో సుమారు నాలుగు గంటల ప్రయాణము. సముద్రమట్టమునకు 4,000 అడుగుల యెత్తున నున్న యీ ప్రదేశమున చెట్టుచేమలు తక్కువ. ఎటు చూచినను కావిరంగు రాళ్ళే. పట్టణమునకు ఉత్తరమున కొద్ది మైళ్ళలో ఆర్చెస్ జాతీయోద్యానము కలదు. అచ్చట నీరును, మంచును తరతరములుగా రాతిని తొలిచి రెండువేలకు పైగా తోరణములను నిలిపినవి. ఈ స్థలమును ప్రభుత్వము 1929లో రక్షణలోనికి తీసికొని, 1971లో జాతీయోద్యానముగా చేసినది. నైరుతి దిక్కున నున్న కాన్యన్‌లాండ్స్ జాతీయోద్యానము 1964లో ఏర్పడినది.

ఈ యూరికి జనులు వచ్చుట తోరణములను చూచుటకు మాత్రమే కాదు, రాతిమీద బండి నడుపుటకును. ఇచ్చటి రాతికి 'నున్నని రాయి' యని పేరు. పూర్వము గుఱ్ఱముల యినుప లాడములు దీనిపై జారెడివట. అందుచే నా పేరు వచ్చినది. రబ్బరు చక్రమునకు మాత్ర మిది గరుకు కాగితమువలె చక్కని పట్టు నిచ్చును. 1967 నుండి ఈస్టరు పండుగ దినములలో ఇచ్చట జీపుల యాత్ర జరుగుచున్నది. కాన్యన్‌లాండ్స్‌లో 'వైట్ రిమ్' అను దారి నూరు మైళ్ళ పొడవున్నది. దానిని 1950 తరువాతి సంవత్సరములలో యురేనియము వెదకుటకై వేసిరి. ఇప్పుడు దానిపై బండి నడుపుటకు ముందుగా అనుమతి పొందవలెను.

ఇటీవల నీ దారులలో విద్యుత్తు బండ్లును కానవచ్చుచున్నవి. 2021లో రివియన్ కంపెనీవారి ఆర్1టి యను బండి వాడుకలోనికి వచ్చినది. దాని గాలిస్ప్రింగులు బండి యడుగుభాగమును నేలకు సుమారు 15 అంగుళముల యెత్తువరకు లేపగలవు, సుమారు 8 అంగుళములవరకు దింపగలవు. మా బండియు నట్టిదే. దానిలో ఇంజను మ్రోత లేదు. కదలిన క్షణముననే మోటారు తన బలమంతయు నిచ్చును. మెల్లగా రాయి యెక్కుటకు ఇంతకన్న అనువైనది లేదు. అయితే దీని బ్యాటరీ గది యడుగున పరచిన పలకవలె ముందు చక్రములనుండి వెనుక చక్రములవరకు వ్యాపించియుండును. బండిలో మిక్కిలి విలువగల వస్తువు రాతికి మిక్కిలి దగ్గరగా నున్నదన్నమాట.

గుంటూరునుండి మా అత్తగారు వచ్చినప్పుడు రెండు చిక్కులు కలిగినవి. ఆమె మోకాళ్ళ నొప్పిగల మనిషి; చీర కట్టుకొని యంత యెత్తు బండి యెక్కుట కష్టము. ఎవరైనను ఎత్తి కూర్చుండబెట్టుట ఆమెకు బొత్తిగా గిట్టదు. ఆమెకు మెట్టు కావలెను. బండికి రాతినుండి రక్షణ కావలెను. ఈ రెండును ఒకటే యని నేను తలంచియుంటిని గాని, బండ్లకు సామాను బిగించు దుకాణములో విచారింపగా, ఇవి వేరువేరు వస్తువులని తెలిసినది.

పక్కమెట్టు మనిషి బరువు మోయుటకు చేసినది. సాధారణముగా అల్యూమినియముతో తేలికగా నుండి, తలుపునకు దిగువగా వ్రేలాడును. కొన్ని తలుపు తెరువగనే క్రిందికి వచ్చి, మూయగనే లోనికి ముడుచుకొనును. పట్టణపు వీధులలో నిది మిక్కిలి సుఖకరము. రాతిదారిలోనో, వ్రేలాడు మెట్టు మొదట రాతికి తగులును, తగిలిన వంగును, ఒక్కొక్కప్పుడు బండి ప్రక్కనుగూడ నొక్కును.

రాక్ స్లైడరు అనునది బండి బరువునే మోయుటకు చేసిన ఉక్కు గొట్టము. చక్రము రాతిమీదినుండి జారినప్పుడు బండి ప్రక్కభాగము రాతిపై పడకుండ, ఈ గొట్టము రాతిపై ఆని జారిపోవును. ఇది బండికి దగ్గరగా, ఎత్తుగా నుండును గనుక మెట్టుగా నంతగా ఉపయోగపడదు.

విద్యుత్తు బండికి వీనిని బిగించునప్పుడు మరికొన్ని విషయములు గమనింపవలెను. నేలపలకకు క్రొత్తగా రంధ్రములు వేయరాదు. దాని వెనుక బ్యాటరీయు, దానిని చల్లబరచు నీటి గొట్టములును, నారింజరంగు తొడుగులోని అధిక విద్యుత్తు తీగెలును ఉండవచ్చును. బండిని తయారుచేసినవారు ఏర్పరచిన గట్టిచోట్లనే బోల్టులు బిగింపవలెను. రాతిదెబ్బకు గొట్టము పైకి వంగినను బ్యాటరీ పెట్టెకు తగులనంత యెడము విడువవలెను. జాకీ పెట్టు చోట్లు మూసికొనిపోరాదు. బ్యాటరీక్రింద జాకీ పెట్టి లేపినచో అది చెడును. ఉక్కు బరువుచేతను గాలి అడ్డుచేతను, ఒకసారి నింపిన విద్యుత్తుతో బండి పోవు దూరము కొంత తగ్గునని కూడ నెంచుకొనవలెను.

మేము స్లైడర్లనే బిగించితిమి. అత్తగారి సంగతి యేమని నేను చింతించుచుండగా, ఆమెయే "నన్నెవరూ ఎత్తనక్కరలేదమ్మా, నాకొక పీట వేయండి, చాలు" అనిరి. బండిని గాలిస్ప్రింగులతో క్రిందికి దింపి, ఒక మడతపీట వేసితిమి. ఆమె పీటపై నొక కాలు, స్లైడరుపై నొక కాలు పెట్టి, తలుపు ప్రక్కనున్న పిడి పట్టుకొని, తనంతట తానే యెక్కి కూర్చుండిరి.

షేఫర్ దారి కొండ అంచునుండి మలుపులు తిరుగుచు వేయి అడుగులకు పైగా లోయలోనికి దిగును. దిగునప్పుడు బండి తన వేగమునే విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో కొంత నింపుకొనుచుండెను. అత్తగారు కిటికీనుండి లోయను చూచుచు మాటాడలేదు. మరునాడు ఇసుకరాతి గుట్టలపై ఒకచోట క్రిందినుండి కర్రుమను చప్పుడు వినబడినది. దిగి చూడగా స్లైడరుపై నల్లరంగు గీచుకొనిపోయి ఉక్కు మెరయుచున్నది. బండి ప్రక్కకు గాని, బ్యాటరీకి గాని యేమియు కాలేదు.

అచ్చటికి పోవు సోదరీమణులు పట్టణములోనే బ్యాటరీ నిండుగా నింపుకొనవలెను; లోపలి దారులలో ఆ వసతి లేదు. వేసవి యెండ తీవ్రము గనుక నీరు సమృద్ధిగా ఉంచుకొనవలెను. దారి ప్రక్క నల్లగా పొరగట్టియున్న మట్టి సజీవమైనది. అది తిరిగి పెరుగుటకు ఏండ్లు పట్టును గనుక దానిపై కాలుగాని చక్రముగాని మోపరాదు. మెట్టు విషయమున నేను చెప్పునదింతే: బండి వీధులలోనే తిరుగునదైన పక్కమెట్టు మేలు, రాతిదారి త్రొక్కునదైన స్లైడరు మేలు. ఇంట పెద్దలున్నచో, రెంటిలో నేది బిగించినను వెనుక పెట్టెలో నొక పీట ఉంచుడు.