చెట్టిపాళయంలో ఒక ఆదివారం

మా చెల్లెలి కుమారుడికి పదహారేళ్లు నిండాయి. పందెపు కార్లు నడపాలన్నది వాడి కోరిక. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పోటీ ‘ఫార్ములా ఈ’ జరిగినప్పుడు వాడిని వెంటబెట్టుకుని వెళ్లి చూపించినది మేమే. అందుచేత ఈ జబ్బుకు మూలకారణం మేమేనన్న అపవాదు కుటుంబంలో స్థిరపడిపోయింది.

కోయంబత్తూరు శివారు చెట్టిపాళయంలోని కారి మోటార్ స్పీడ్‌వేలో ఒకరోజు శిక్షణకు వాడు పేరు నమోదు చేసుకున్నాడు. బావగారికి సెలవు దొరకలేదు. తోడు వెళ్లే బాధ్యత మాపై పడింది. బయలుదేరే ముందు మా చెల్లెలు వంటింటి గుమ్మం దగ్గర మమ్మల్ని ఆపి, “అన్నయ్యా, వాడు నీ మాటైతే వింటాడు. అందులో ఉన్న కష్టనష్టాలు కళ్లారా చూపించి, మనసు మళ్లించి తీసుకురా” అన్నది. సరేనన్నాము.

సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మరునాడు కోయంబత్తూరులో దిగాము. మా కర్మాగారంలో పంపుల మీద, మోటార్ల మీద ఈ ఊరి పేరు చూస్తూనే ముప్ఫై ఏళ్ల ఉద్యోగం గడిపాము గాని, ఊరు చూడడం ఇదే మొదలు. ఇక్కడి పారిశ్రామిక కుటుంబాలలో అనేకం తరతరాలుగా తెలుగు మాట్లాడేవి. 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించిన జి.డి. నాయుడు గారు (1893–1974) అటువంటి ఇంటివారే. అవినాశి రోడ్డులో ఆయన పేరిట వెలసిన కార్ల మ్యూజియంలో శనివారం మధ్యాహ్నమంతా గడిచింది. మేనల్లుడు పాత కార్లను తొందరగా చూసేసి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మేము మాత్రం ప్రతి కారు దగ్గరా ఆగాము.

పందెపు కార్లకు ఈ ఊరు పుట్టినిల్లు ఎందుకైందో మాకు ఊరు చూశాకనే అర్థమైంది. ఏ వీధిలోకి వెళ్లినా లేతు మిషను చప్పుడు, ఫౌండ్రీ పొగ. ఒక విడిభాగం కావాలంటే సాయంత్రానికల్లా చేసి ఇవ్వగలవారున్నారు. ఈ వాతావరణంలో ఎదిగినవారే ఎస్. కరివర్ధన్. స్వయంగా పోటీలలో పాల్గొంటూనే, సామాన్య యువకులకు అందుబాటులో ఉండే ఏకాసన పందెపు కారును మన దేశంలోనే చేయాలని సంకల్పించి, 1988లో మారుతి 800 ఇంజనుతో దానిని రూపొందించారు. ‘ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజన్’ అన్నది దాని పూర్తి పేరు. జనం నోట ‘ఫార్ములా మారుతి’ అయింది. మన వీధులలో కూరగాయల సంచులు, బడిపిల్లలను మోసిన ఆ ఎనిమిది వందల సీసీ ఇంజనే, చక్రాలు బయటకు పెట్టిన తేలికపాటి చట్రంలో కూర్చుని పందెపు గుర్రమైంది. ఇంజనీరుగా మాకు ఇంతకంటె గౌరవించదగిన పని కనబడదు. ఉన్నదానితో చేయడం మన వృత్తిలో సగభాగం కదా.

ఈ ఊరిలోనే పెరిగిన నరేన్ కార్తికేయన్ 1993లో ఆ కారునే నడిపాడు. ఆ పోటీలు జరిగినది మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో. యుద్ధకాలపు షోళవరం రన్‌వే మీద ఏళ్ల తరబడి సాగిన పందాలకు 1990లో అక్కడ 3.717 కిలోమీటర్ల శాశ్వతమైన ట్రాక్ ఏర్పడింది. కార్తికేయన్ 1996లో ఫార్ములా ఆసియా విజేతయై, బ్రిటన్‌లో ఫార్ములా 3 నడిపి, 2005 మార్చిలో మెల్‌బోర్న్‌లో జోర్డన్ జట్టు కారులో కూర్చుని, ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యాడు. 2000లో ఫార్ములా మారుతి విజేత అయిన కరుణ్ చందోక్ 2010లో రెండవవాడు. ఆ తరువాత మూడవ భారతీయుడు ఇంకా ఆ గడప దాటలేదు. కరివర్ధన్ వీరిలో ఎవరినీ ఆ స్థాయిలో చూడలేదు. 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. 2003లో తెరచిన చెట్టిపాళయం ట్రాక్‌కు ఆయన పేరు పెట్టారు.

ఆదివారం ఉదయం ఏడు గంటలకే అక్కడికి చేరాము. కొబ్బరి తోటలు దాటగానే ఎదురుగా రెండు కిలోమీటర్లకు కాస్త పైబడిన నల్లటి పాము వంటి బాట, దూరాన పడమటి కనుమలు. షెడ్డులో ఏకాసన కార్లు వరుసగా ఉన్నాయి. వీటి పోటీని ఊరి గొలుసుల కంపెనీ పేరిట ఎల్‌జీబీ ఫార్ములా 4 అంటారు. కారులో ఉండేది 1300 సీసీ మారుతి ఇంజను. అన్నీ ఒకే తీరు కార్లు కనుక గెలుపోటములకు సాకు దొరకదు.

శిక్షకుడు మొదటి గంట కారు తాకనివ్వలేదు. బల్ల మీద రెండు పాత టైర్లు పెట్టి పాఠం చెప్పాడు. ముందు పోయే కారు వెనుక చక్రానికి వెనుకవైపు అంచు తిరుగుతూ పైకి లేస్తూ ఉంటుంది. వెనుక వచ్చేవాడి ముందు చక్రం దానికి తగిలిందా, ఆ అంచు దానిని పట్టుకుని పైకి ఎత్తేస్తుంది, కారు గాలిలోకి లేస్తుంది. చక్రాలకు కప్పు లేని కార్లలో ఇతరులతో రాసుకుంటూ పోకూడదనడానికి కారణం మర్యాద కాదు, ఇది. విని మా చెల్లెలికి చెప్పవలసిన మొదటి అంశంగా మనసులో రాసుకున్నాము.

పిల్లలు కార్లలో కూర్చున్నాక శిక్షకుడు మాకు ఈ వృత్తిలోని మెట్లు వివరించాడు. ఏడెనిమిదేళ్లకే గో-కార్ట్‌తో ఆరంభం. స్ప్రింగులు, డిఫరెన్షియల్ లేని ఆ బండిని మలుపులో లోపలి వెనుక చక్రం లేపితేనే తిప్పగలరు. బరువు ఎటు పోతోందో ఒంటికి తెలిసేది అక్కడే. పదిహేనేళ్లకు ఫార్ములా 4, తరువాత ప్రాంతీయ ఫార్ములా, ఫార్ములా 3, ఫార్ములా 2. పైమెట్టు లైసెన్సుకు మూడేళ్లలో నలభై పాయింట్లు కావాలి. ఫార్ములా 4 విజేతకు దక్కేవి పన్నెండు. ఫార్ములా 2 విజేతకు మొత్తం నలభై. ఇంత చేసినా 2026లో పదకొండు జట్లకు కలిపి ఉన్నవి ఇరవై రెండు సీట్లే. సీనియారిటీని నమ్ముకుని ప్రమోషన్ల కోసం ఎదురుచూసే మనబోటివారికి ఈ నిచ్చెన చూస్తే కళ్లు తిరుగుతాయి. అందులో ఫార్ములా 4 దాటాక ప్రతి మెట్టుకూ ఖర్చు కోట్లలోనే. స్పాన్సరు దొరకక ఆగిపోయినవారి మాట వచ్చినప్పుడు శిక్షకుడు కాసేపు దూరంగా చూస్తూ ఊరుకున్నాడు.

మేనల్లుడు నాలుగో చుట్టులో మలుపు దగ్గర గిర్రున తిరిగి గడ్డిలో ఆగాడు. మా గుండె ఆగినంత పనైంది. ఎండకు కమిలిన ఒక ముసలి మెకానిక్, తమిళపు యాస కలిసిన తెలుగులో, “బిడ్డకేమీ కాలేదు సార్, కూర్చోండి” అన్నాడు. ఆ మాటకు తేరుకున్నాము. కారు వెనక్కి వచ్చింది. హెల్మెట్ తీసిన మేనల్లుడు ఎవరినీ తప్పుపట్టలేదు. “మలుపు తిప్పుతూ ఇంకా బ్రేకు మీదే ఉన్నాను మామయ్యా. బరువంతా ముందుకు వచ్చేసింది, వెనుక టైర్లకు పట్టు పోయింది” అని వేళ్లతో చూపించాడు. ఫిజిక్సు పరీక్షలో బలాల పాఠానికి వచ్చిన మార్కుల గురించి ఇంటిలో అడిగితే, పేపరు కష్టంగా ఇచ్చారని చెప్పినవాడు వీడే. మధ్యాహ్నం అదే మలుపులో మళ్లీ ఒకసారి తిరిగాడు. సాయంత్రానికి తిరగలేదు.

ముగింపులో శిక్షకుడు ఒక్కొక్కరినీ పిలిచి కాగితం చూపించాడు. ఆ రోజు అందరికంటె ముందున్నది పదమూడేళ్ల పిల్లవాడు; ఆరేళ్లుగా కార్ట్ నడుపుతున్నాడట. మనవాడు చుట్టుకు మూడు సెకన్లు వెనుక. “శ్రద్ధ ఉంది సార్. కాని పదహారు అంటే ఆలస్యమే. సరదాగా, మన దేశపు పోటీల వరకు అయితే ఇబ్బంది లేదు. యూరప్ మాట మాత్రం నేను అనలేను” అన్నాడు. వాడు పక్కనే నిలబడి విన్నాడు.

తిరుగు రైలులో ఈరోడ్ వచ్చేదాకా వాడు మాట్లాడలేదు. మేము కష్టనష్టాల ఉపన్యాసం సిద్ధం చేసుకునే ఉన్నాము, నోరు రాలేదు. చివరికి వాడే, “మామయ్యా, నిజంగా ఆలస్యమైందా?” అని అడిగాడు. ఆయన చెప్పినది నిజమేనన్నాము. వాడు తల ఊపి, జేబులోని కాగితం తీసి, ఏ మలుపులో ఎంత పోయిందో లెక్క చూసుకోవడం మొదలుపెట్టాడు. మూడు సెకన్లలో సగానికి పైగా ఆ ఒక్క మలుపులోనే పోయిందట.

సేలం దాటాక చెల్లెలు ఫోను చేసింది. “ఏమైందన్నయ్యా, చెప్పావా?” అన్నది. మేము ఫోను వాడి చేతికిచ్చాము. రెండుసార్లు తిరిగిపోయానని, ఆలస్యంగా మొదలుపెట్టానన్నారని వాడే ఒక్కొక్కటీ చెప్పాడు. అవతల ఆమె ఏమన్నదో మాకు వినబడలేదు. “మూడు సెకన్లేనమ్మా” అని మాత్రం వాడు రెండుసార్లు అన్నాడు.