బారీ రేవు నుంచి దుర్రెస్‌కి

ఇటలీ బూటు మడమకి కాస్త పైన ఉంటుంది బారీ. అక్కణ్ణుంచి ఆల్బేనియాలోని దుర్రెస్ రేవుకి ఏడ్రియాటిక్ సముద్రం మీద సుమారు 220 కిలోమీటర్లు. రాత్రి ఓడెక్కి పడుకుంటే తెల్లారాక దిగొచ్చు. విశాఖలో పుట్టి పెరిగి కూడా ఓడెక్కని దాన్ని నేను. పోర్ట్ బ్లెయిర్ ఓడ మాటెత్తినప్పుడల్లా మా ఆయన, “రెండు రోజులు పైగా నీళ్ళ మీదా! నావల్ల కాదు,” అనేవారు. ఒక్క రాత్రే కదా అని దీనికి ఒప్పుకున్నారు.

ఇలాంటి ప్రయాణానికి అందరూ ముందు టికెట్టు వెతుకుతారు. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి ఆ వరుస పనికిరాదు. ఇటలీ షెంగెన్ దేశం, ఆల్బేనియా కాదు. బారీలో ఓడెక్కామంటే షెంగెన్ దాటి బయటికి వచ్చేసినట్టే. తిరిగి ఇటలీ వచ్చి రోమ్‌లో విమానం ఎక్కాలంటే ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసా చాలదు, పలుసార్లు ప్రవేశానికి వీలుండే వీసాయే కావాలి. అదే వీసా ఆల్బేనియాకీ అక్కరకొస్తుంది. పలు ప్రవేశాల షెంగెన్ వీసా ఉండి, దాన్ని ఒకసారైనా వాడి ఉంటే ఆల్బేనియా వేరే వీసా అడగదు. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి ఆ దేశపు విదేశాంగ శాఖ చెప్పేదే ఆఖరి మాట అనుకోవాలి. పలు ప్రవేశాలు ఎందుకో తెలియాలని హైదరాబాద్‌లో వీసా దరఖాస్తుతో పాటు ఈ ఓడ ప్రయాణం సంగతి రాసిన కాగితం కూడా జతచేశాను. షెంగెన్ కోసం తీసుకునే 30,000 యూరోల ఆరోగ్య బీమా ఆల్బేనియాలో చెల్లకపోవచ్చు. మేం ఆ దేశం పేరు కూడా రాయించుకున్నాం.

టికెట్లలో మూడు తరగతులు. అన్నిటికన్నా చవక ‘డెక్’. ఎక్కడ చోటు దొరికితే అక్కడ దుప్పటి పరుచుకోవడమే. రెండోది వెనక్కి వాలే కుర్చీ, మూడోది పడక గది. గదుల్లో మళ్ళీ కిటికీ ఉన్నవీ లేనివీ. కిటికీకి డబ్బు దండగ, రాత్రి చీకటి తప్ప ఏం కనిపిస్తుంది? ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో గది దొరికితే ఊపు తక్కువ. టికెట్టు మీద పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఇటలీ ఫారాల్లోనూ ఇంటిపేరే ముందు అడుగుతారు కాబట్టి ఆ గడి దగ్గర మనకేమీ తడబాటు ఉండదు.

ఓడలో అందరికీ చోటు దొరక్కపోవడం గురించి ఈ సముద్రానికి పాత కథే ఉంది. రోమ్ నుంచి వచ్చే అప్పియా రహదారి బారీకి దక్షిణాన ఉన్న బ్రిండిసిలో సముద్రం ఒడ్డున ఆగిపోతుంది. దాని కొనసాగింపు లాంటి ఎగ్నాతియా రహదారి ఎదుటి గట్టున దుర్రెస్‌లో మొదలై బైజాంటియం (నేటి ఇస్తాంబుల్) దాకా పోతుంది. క్రీ.పూ. 48లో తన ప్రత్యర్థి పాంపేని తరుముతూ వచ్చిన జూలియస్ సీజర్ ఓడలు చాలక సగం సైన్యాన్ని బ్రిండిసిలోనే వదిలి చలికాలపు సముద్రం దాటాడు. మిగతా వాళ్ళని అతని సేనాని ఆంటొనీ తీసుకొచ్చేసరికి నెలలు పట్టింది. ఆ తర్వాత దుర్రెస్ ముట్టడిలో సీజర్‌కి ఎదురుదెబ్బే తగిలింది.

ఓడ టైము దాకా బారీ పాతబస్తీలో తిరిగాం. 1087లో ఈ ఊరి నావికులు నేటి టర్కీలోని మైరా నుంచి ఎత్తుకొచ్చిన సెయింట్ నికొలస్ అస్థికలు ఇక్కడి చర్చి భూగర్భ మందిరంలో ఉన్నాయి. కాథలిక్కులూ ఆర్థడాక్స్ క్రైస్తవులూ ఇద్దరూ మొక్కే చోటది. నావికుల్ని కాచే సాధువని తెలిసి మా ఆయన కాసేపు ఎక్కువే నిలబడ్డారు. సందుల్లో ఆడవాళ్ళు గుమ్మాల ముందు బల్లలేసుకుని, పిండిని కత్తి మొనతో లాగి చెవి ఆకారంలో పాస్తా చేస్తున్నారు. టమాటా, ఆలివ్‌లు వేసి కాల్చిన ఫొకాచా రొట్టె కట్టించుకున్నాం.

రేవుకొచ్చాక 1991 గుర్తు రాకుండా ఉండదు. ఆ ఏడాది ఆగస్టు 8న ‘వ్లోరా’ అనే సరుకు ఓడ ఇక్కడికొచ్చింది. క్యూబా నుంచి చక్కెర తెచ్చి దుర్రెస్‌లో దింపుతుండగా జనం దాని మీదకి ఎగబడ్డారు. కమ్యూనిస్టు పాలన కూలి, తిండికి కటకటలాడుతున్న దేశం. ఓడ ఇంజన్ బాగోలేదు, రాడార్ పనిచెయ్యడం లేదు. అయినా సుమారు 20,000 మంది కప్పు మీదా, స్తంభాల మీదా వేలాడుతూ వచ్చారు. బ్రిండిసిలో దిగనివ్వకపోతే బారీకి మళ్ళారు. ఇటలీ ప్రభుత్వం వాళ్ళని విత్తోరియా స్టేడియంలో నిర్బంధించి, చాలామందిని కొద్ది రోజుల్లోనే వెనక్కి పంపేసింది. మా ఉత్తరాంధ్ర జనం కరువుకి తాళలేక ‘రంగం’ (రంగూన్) ఓడెక్కిన కాలం కథలు విన్నదాన్ని కనక నాకది పరాయి కథ అనిపించలేదు. వీసా లేదని వ్లోరా ఎక్కినవాళ్ళలో ఒక్కరూ ఆగలేదు. నేను మాత్రం ఫైలు నిండా కాగితాలతో నిలబడ్డాను.

రేవులో కాగితాలు చూసే చోటొకటి, ఓడ నిలిచే చోటొకటి. బయల్దేరడానికి రెండు గంటల ముందే చేరాలని చెప్పేది అందుకే. పాస్‌పోర్టు మీద వేసే బయటికెళ్ళే ముద్రలో ఓ మూల చిన్న ఓడ బొమ్మ ఉండేది. 2025 అక్టోబరు నుంచి షెంగెన్‌లో ముద్రల స్థానంలో ఫొటో, వేలిముద్రలు తీసుకోవడం మొదలైంది. ఆలోపే వెళ్ళాం కాబట్టి ఆ బొమ్మ మాకు దక్కింది.

ఓడ నోట్లోకి లారీలతో పాటు మనమూ నడిచే ఎక్కాలి. డీజిలు వాసన, గొలుసులతో లారీల్ని బిగిస్తున్న మోత. కారుతో వెళ్ళేవాళ్ళు రాత్రికి కావలసినవి చేతిసంచిలో వేసుకోవాలి, ఓడ కదిలాక బండ్ల అంతస్తు మూసేస్తారు. ఫోనులో డేటా ఆపేయండి. నడిసముద్రంలో ఓడ సొంత నెట్‌వర్క్‌కి తగులుకుంటే బిల్లు టికెట్టుని మించుతుంది. పై అంతస్తులో ఇటలీలో పనిచేసే ఆల్బేనియా కుటుంబాలు అటుకీ ఇటుకీ కేకలేసుకుంటూ రాత్రంతా మేలుకునే ఉన్నాయి. కడుపు తిప్పకుండా మాత్ర వేసుకున్న మా ఆయన హాయిగా గురక పెట్టారు.

పొద్దున దుర్రెస్‌లో మా పాస్‌పోర్టు చూసి అధికారి, “ఇండియా? నెనె తెరెజా!” అన్నాడు. ఆల్బేనియా కుటుంబంలో పుట్టిన మదర్ థెరిసా తల్లీ అక్కా కమ్యూనిస్టు కాలంలో రాజధాని టిరానాలోనే కన్నుమూశారు. వాళ్ళు బతికుండగా ఆమెని దేశంలోకి రానివ్వలేదు. 1989లో గానీ అడుగుపెట్టలేకపోయింది.

రేవు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో రోమన్ల కాలపు ఆంఫీథియేటర్ ఉంది. రెండో శతాబ్దిలో కట్టినది, 1966లో ఇళ్ళ కింద బయటపడింది. అక్కణ్ణుంచి టిరానాకి బస్సులో సుమారు గంట.

వెళ్ళదలచుకుంటే జులై, ఆగస్టు వద్దు. ఇటలీలోని ఆల్బేనియా వాళ్ళంతా అప్పుడే సొంతూళ్ళకి మళ్ళుతారు, టికెట్లు ప్రియం. చలికాలంలో గాలి మొండిది. మే గానీ సెప్టెంబరు గానీ చూసుకుని, కాస్త ఖర్చయినా పడక గదే తీసుకోండి.