నాలుగు తీగలూ, మూడో పిన్నూ

మేము సంగీత విద్వాంసులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, యానాంలో ఒక ఆఫీసులో పగలంతా ఫైళ్ళు కట్టుకుంటూ, పిలుపు వచ్చిన రాత్రులలో ఆర్కెస్ట్రాతో వెళ్ళి బేసు గిటారు వాయించి వచ్చే సామాన్య సంసారులము. నలభై దాటిన వయస్సులో ఇదేమి సరదా అని ఇంట్లోవాళ్ళు అడగటం కూడా మానేశారు. అయినా కలం పట్టటానికి ఒక కారణమున్నది. ఈ పత్రిక వచ్చే ఇళ్ళలో ఇప్పుడు చాలామంది పిల్లలు గిటారు పట్టుకుంటున్నారు. ప్రార్థనా మందిరంలోనో, కాలేజీ వార్షికోత్సవంలోనో, పెళ్ళి పందిట్లోనో వాళ్ళు వేదిక ఎక్కుతారు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చెప్పే గురువులు దొరుకుతారు గాని, వైరు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు అరుదు. మా కడుపులో చాలాకాలంగా ఉన్న ఒక సంగతి కూడా దీనితో చెప్పివేద్దామని ఉన్నది.

ముందుగా వాద్యం సంగతి. బేసు గిటారుకు నాలుగు లావుపాటి తీగలు. ఇది పుట్టక ముందు మనిషి కంటె ఎత్తయిన డబుల్ బేసును నిలబెట్టి వాయించేవారు. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన దానిని మెడకు తగిలించుకునేంత చిన్నది చేసి, మెట్లు వేసి, ప్రెసిషన్ బేస్ అనే పేరుతో అమ్మకానికి పెట్టాడు. అన్నిటికంటె క్రింది తీగ సెకనుకు నలభై ఒక్కసారి కదులుతుంది. వినేవాళ్ళు చాలామందికి అది వినబడుతున్నట్లే తోచదు. ఆగిపోతే మాత్రం పాట కాళ్ళు విరిగినట్లు కూలబడుతుంది. 1989లో వచ్చిన 'గీతాంజలి' సినిమా పాటలను ఒకసారి అడుగు స్వరం మీదనే చెవి ఉంచి వినండి. ఇళయరాజాగారు ఆ నాలుగు తీగలకు ఎంత పని అప్పగించారో తెలుస్తుంది. మా ఉద్దేశంలో ఇది అచ్చంగా గుమాస్తా పని. సంతకం ఆఫీసరుగారిది, పేరు ఆఫీసరుగారిది. ఫైలు నడిచేది గుమాస్తా వల్ల.

ఇక అసలు సంగతి. మా యానాంకు చేరిన దరియాలతిప్ప గోదావరి ఒడ్డున ఉన్న బెస్తవారి ఊరు. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోటు. 2017 వేసవిలో అక్కడ అమ్మవారి జాతరకు మా ఆర్కెస్ట్రాను పిలిచారు. ఇసుక నేల మీద పీపాలు పెట్టి, వాటిమీద బల్లలు పరిచి వేదిక కట్టారు. అమ్మవారికి ఎదురుగా గనుక అందరమూ చెప్పులు విడిచి ఎక్కాము. పూజకని బల్లలు కడిగారు. ఇంకా తడి ఆరలేదు. మైకులకూ మిక్సరుకూ ఒక ఇంటినుంచి కరెంటు లాగారు. వాద్యాల యాంప్లిఫయర్లకు అద్దె జనరేటరు పెట్టారు.

పాటలకు ముందు మైకు సరిచూస్తూ, ఎడమ చెయ్యి తీగలమీద ఉంచి మేము మైకు దగ్గర నోరు పెట్టాము. పెదవికి సన్నగా చురుక్కుమన్నది, చీమ కుట్టినట్లు. మైకుసెట్టు కుర్రవాడితో అన్నాము.

"ఆయ్, కొంచెం జుమ్మంటాదండి. ఇసకనేల గదండి, మరేం కాదు," అన్నాడు. మైకుకు ఒక స్పాంజి తొడుగు వేసి ఇచ్చాడు. చురుకు తెలియలేదు. అప్పటికే జనం వచ్చి కూర్చున్నారు. పెద్దలు తొందర చేస్తున్నారు. మేము ఊరుకున్నాము.

మూడో పాటలో, మాతో లీడ్ గిటారు వాయించే ఆ ఊరి కుర్రవాడు పల్లవి అందుకోవటానికి మైకు స్టాండును తనవైపు లాక్కోబోయాడు. ఒక చేత తీగలు, ఒక చేత స్టాండు. అట్లాగే బిగుసుకుపోయాడు. మొదట ఆటకు చేస్తున్నాడనుకున్నారు. డ్రమ్స్ వాయించే అతను ముందు గ్రహించి, ప్లాస్టిక్ కుర్చీతో స్టాండును ఒక్క తోపు తోశాడు. పిల్లవాడు పడిపోయాడు. ఊపిరి ఉన్నది. అరచేయి కాలింది. ఆస్పత్రిలో గుండె పరీక్ష చేసి, ఒక రాత్రి ఉంచి పంపారు. రెండు నెలలు గిటారు పట్టలేదు.

మర్నాడు వాళ్ళ ఇంటికి వెళితే తల్లి గుమ్మంలో కూర్చున్నది. "అన్నయ్యా, మీకు ముందే ఏమైనా తెల్సిందా?" అని అడిగింది. మేము ఏదో అన్నాము. నిజం మాత్రం అనలేదు.

తరువాత ఎలక్ట్రీషియను చూసి చెప్పినది ఇది. గిటారు తీగలు లోపల ఒక వైరు ద్వారా యాంప్లిఫయరు ఇనుప డబ్బాకు కలుస్తాయి; ఆ డబ్బా ఎర్తుకు కలవాలి. మూడు పిన్నుల ప్లగ్గులో పైన ఉండే లావు పిన్ను ఎర్తుదే. ఆ రాత్రి కుర్రవాడి యాంప్లిఫయరు ప్లగ్గుకు ఆ పిన్ను లేదు. గుయ్యిమనే రొద పోవాలని ఎవరో ఎప్పుడో విరిచేశారు. లోపల వైరు పైతొడుగు చితికి కరెంటు డబ్బాకు తగిలింది. పోవటానికి దారి లేక తీగలలో నిలిచింది. మైకు జాలీ మాత్రం ఇంటి కరెంటు ఎర్తుకు కలిసి ఉన్నది. మధ్యలో తడికాళ్ళ పిల్లవాడు దారి అయినాడు. మా పెదవికి తగిలిన చురుకు మరొక పెట్టెనుంచి కారిన కొద్దిపాటి కరెంటే. అయినా వేదికమీద ఎర్తు సరిగా లేదన్న కబురు అది ముందే తెచ్చింది. మేము స్పాంజితో దాని నోరు మూశాము.

ఇది మా తిప్పలలోనే జరిగే వింత కాదు. 1972 మే 3న వేల్స్ దేశపు స్వాన్సీ పట్టణంలో, స్టోన్ ది క్రోస్ అనే బృందంలోని లెస్ హార్వీ అనే గిటారు వాద్యగాడు, వేదికమీద ఎర్తు సరిగా లేని మైకు పట్టుకుని అక్కడికక్కడే ప్రాణం వదిలాడు.

అందుచేత మా మొదటి సలహా వాద్యం గురించి కాదు, ప్లగ్గు గురించి. మూడో పిన్ను లేని ప్లగ్గుతో వేదిక ఎక్కవద్దు. మైకులకూ వాద్యాలకూ ఒకే చోటినుంచి, ఒకే బోర్డునుంచి కరెంటు తీసుకోమనండి. ఆ బోర్డులో 30 మిల్లీఆంపియర్లకే తెగిపడే ఆర్.సి.సి.బి. అనే రక్షణ బొత్తాము ఉండేటట్లు చూడండి. జనరేటరు అయితే దానికి ఎర్తు కడ్డీ దింపారా అని అడగండి. ఎండిన ఇసుకలో కడ్డీ దింపితే దింపనట్లే. తడి తగిలేదాకా దింపాలి, అది తెలిసిన ఎలక్ట్రీషియను చెయ్యాలి. తరువాత చిన్న మల్టీమీటరును ఏ.సి. ఓల్టులలో పెట్టి, ఒక కొన గిటారు తీగకూ ఒక కొన మైకు జాలీకీ ఆనించండి. ముల్లు సున్న దగ్గరే ఉండాలి. పదులలోకి పోతే, ఎవరు ఎంత తొందరపెట్టినా వాయించవద్దు. కాళ్ళకు రబ్బరు చెప్పులుండాలి; దేవుని ఎదుట అయితే ఎండిన రబ్బరు చాప పరచమంటే ఎవరూ కాదనరు. ఎవరైనా కరెంటుకు అతుక్కుంటే చేత్తో పట్టి లాగవద్దు. ముందు కరెంటు ఆపండి, వీలుకాకపోతే ఎండిన కర్రతో తోయండి. మనిషి లేచి నవ్వినా సరే, గుండె పరీక్ష చేయించండి.

మరి రొద మాటేమిటంటారా? మన దేశపు కరెంటు సెకనుకు యాభైసార్లు మారుతుంది. బేసు క్రింది తీగమీద మూడో మెట్టు స్వరానికి సెకనుకు నలభై తొమ్మిది కదలికలు. అందుకని కరెంటు రొద సరిగ్గా మా ఇంట్లోనే కాపురం పెడుతుంది. దానికి మందు డి.ఐ. పెట్టె అనే చిన్న ఇనుప డబ్బా. గిటారు వైరు ఇరవై అడుగులు దాటితే స్వరం మొద్దుబారుతుంది, రొద చేరుతుంది. ఈ పెట్టె ఆ స్వరాన్ని రెండు వైర్లమీద ఎదురెదురుగా పంపుతుంది. దారిలో చేరిన రొద రెండింటిలోనూ సమానంగా చేరి మిక్సరు దగ్గర కొట్టుకుపోతుంది. ఆ పెట్టెమీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట ఉంటుంది. అది శబ్దపు వైరు ఎర్తునే విడదీస్తుంది, ప్రాణాన్ని కాపాడే ఎర్తును ముట్టదు. రొద పోవాలంటే నొక్కవలసింది ఆ మీటను. పిన్ను విరవటం కాదు.

ఇక యాంప్లిఫయరు ఎక్కడ పెట్టాలి? బోలు బల్లలమీద పెడితే వేదికే మద్దెల అవుతుంది. స్వరం తెలియదు, దడదడ తెలుస్తుంది. మేము దానిని గట్టి పీటమీదికి ఎత్తి, కొంచెం వెనక్కు వాల్చి, మా చెవివైపు తిప్పుకుంటాము. మోకాళ్ళకు వినిపించి లాభమేమిటి? కల్యాణ మంటపంలో గోడ మూలకు చేరిస్తే అడుగు స్వరం ఉబ్బుతుంది. అక్కడ బేసు మీట తగ్గించాలి. ఆరుబయట తిరిగి పంపే గోడ లేదు గనుక అదే స్వరం పలచబడుతుంది. మా క్రింది స్వరపు అల ఒక్కటే సుమారు ఇరవై ఏడు అడుగుల పొడవు. షామియానా గుడ్డ దానిని ఆపలేదు. పెద్ద బేసు స్పీకర్లు వేదికకు చెరొకవైపు పెడితే జనంలో కొన్నిచోట్ల స్వరం రెట్టింపయి, కొన్నిచోట్ల మాయమవుతుంది. రెండూ కలిపి మధ్యలో పెడితే చాలావరకు సమంగా ఉంటుంది. వాయింపు ఇంకొకరికి ఇచ్చి, మీరు ఒకసారి మైదానమంతా నడిచి వినండి. ఆఫీసులో కూర్చుని రైతు పొలం కొలవలేము గదా!

యాంప్లిఫయరుకూ విడి స్పీకరు డబ్బాకూ మధ్య గిటారు వైరు పెట్టవద్దు. చూపులకు ఒకటే గాని అది సన్నది, వేడెక్కుతుంది. వైరును భుజపట్టీ లోనుంచి ఒక చుట్టు తిప్పి జాకులో పెట్టండి. ఎవరు తొక్కినా ఊడిరాదు. పట్టీ వెడల్పుగా ఉండాలి, వాద్యం నాలుగు కిలోల బరువు. మా సంచీలో ఎప్పుడూ ఉండేవి: ఒక జత తీగలు, రెండో వైరు, ట్యూనరు, తొమ్మిది ఓల్టుల బ్యాటరీలు రెండు, ఫ్యూజులు, గుడ్డ టేపు, టార్చిలైటు, మల్టీమీటరు, పాత నూలు పంచె ముక్క.

ఆ పంచె ముక్క విలువ ఉప్పుగాలి ఊళ్ళవాళ్ళకే తెలుస్తుంది. వాయించిన వెంటనే ఒక్కొక్క తీగా తుడవకపోతే నెలలో తుప్పు. కొత్త తీగల వెల గుమాస్తా జీతానికి భారమే గనుక, మసిబారిన తీగలను విప్పి నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి మళ్ళీ కట్టుకుంటాము. కొన్నాళ్ళు గొంతు తిరిగి వస్తుంది. తేమకు కొయ్య మెడ వంగితే లోపలి కడ్డీని పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పవద్దు. 2022 జూలైలో గోదావరి యానాం వీధులలోకి వచ్చినప్పుడు మా గిటారు అటకమీద ఉండి బ్రతికింది, యాంప్లిఫయరు తడిసింది. తడిసినదాన్ని ఎండబెట్టి నేరుగా ప్లగ్గు పెట్టవద్దు. విప్పి చూసి, మెకానిక్కు సరే అన్న తరువాతనే.

చెవుల మాట కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ మోతను రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చునంటారు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. నూరు దగ్గర పావుగంటే. మేము ఇరవై ఏళ్ళు తాళాల ప్రక్కన నిలబడ్డాము. ఇప్పుడు ఎడమ చెవిలో కీచురాయి కాపురమున్నది. రాత్రి అందరూ పడుకున్నాక అది మాతో మాట్లాడుతుంది. చెవిబిళ్ళలు తక్కువ వెలకే దొరుకుతాయి. పిల్లలకు కొనిపెట్టండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు పెద్దవాడైనాడు. కాకినాడలో, అమలాపురంలో వాయిస్తున్నాడు. మమ్మల్ని మామయ్యా అంటాడు. ఈ వ్యాసం పంపేముందు దరియాలతిప్ప వెళ్ళాము. తల్లి చూరు క్రింద వల బాగుచేసుకుంటున్నది. "అమ్మా, ఆనాడు నువ్వు అడిగావు. మాకు తెలుసు. పెదవికి చురుకు తగిలింది. చెప్పినా గట్టిగా చెప్పలేదు, ఆపలేదు," అన్నాము.

ఆమె తల ఎత్తలేదు. నాలుగు కన్నులు అల్లేదాకా మాట్లాడలేదు.

"ఇప్పుడు చూసుకుంటన్నారా?" అన్నది.

"ప్రతిచోటా. ముల్లు సున్నకు రాకపోతే పాట లేదు."

"అయితే మొన్న జాతరలో అరగంట ఆలస్యం మీ వల్లేనన్నమాట," అని, కొడుకు తాగే గ్లాసులోనే టీ పోసి ఇచ్చింది.