అంచున కావలి

సోదరీమణులారా! పిల్లల యాటలను గూర్చి గృహిణులు వ్రాయుట మీలో కొందఱికి వింతగా దోచవచ్చును. అయినను ఈ వేసవిలో ఒక యాటవలన మాకు గలిగిన కనువిప్పును మీతో చెప్పుకొనక యుండలేకున్నాము.

మా కాపురము బషీర్‌బాగ్‌లో. పూర్వము ఫతే మైదానమనబడిన లాల్ బహదూర్ క్రీడాప్రాంగణము మా యింటికి దగ్గఱనే యున్నది. మా వారు బడిపంతులు. పిల్లలు ఆరుబయటనే యాడుకొనవలెనని వారి మతము. అట్టి యింటికి, అమెరికానుండి సెలవులకు వచ్చిన మా యన్నగారి కుమారుడు ఒక పాత గేమ్‌క్యూబ్ యంత్రమును దెచ్చి టీవీకి దగిలించెను. అందలి యాట సూపర్ స్మాష్ బ్రదర్స్ మెలీ. జపాను దేశపు నింటెండో వారు 2001లో వెలువరించినది.

రెండవ నాడే పదేండ్ల మా చిన్నవాడు కన్నీళ్లతో వంటింటికి వచ్చి, "బావ నన్ను కొట్టకయే చంపుచున్నాడమ్మా!" యనెను. కొట్టక చంపుట యెట్లో చూతమని మేమును బోయి కూర్చుంటిమి.

శూన్యములో దేలుచున్న యొక యరుగు. దానిమీద ఇరువురు యోధులు. దెబ్బలు తిన్నకొలది వారు మఱింత దూరముగా ఎగిరిపడుచుందురు. అరుగు వెలుపల పడినవాడు గాలిలో గెంతుచు మరలివచ్చి, తుదకు అంచును చేతులతో బట్టుకొని పైకెక్కవలెను. అయితే ఆ యంచును ఒకప్పు డొక్కడే పట్టుకొనగలడు. రహస్యమంతయు నిందే యున్నది.

పగవాడు వెలుపల పడగానే మా మేనల్లుడు తన బొమ్మను అంచువైపు వీపు పెట్టి నిలుపును. అది గెంతీ గెంతకమునుపే, గాలిలో దెబ్బ తప్పించుకొను మీటను నొక్కి, వెనుకకు ఏటవాలుగా నేలకు దింపును. అంతట బొమ్మ నడువకయే వెనుకకు జర్రున జారి, అరుగు దాటి, మొగము అరుగువైపే యుండుటచే అంచును బట్టి వ్రేలాడును. పట్టిన తొలిక్షణములలో దానికి దెబ్బ తగులదు. మరలివచ్చువాని చేతికి అంచు దొరకక వాడు క్రిందికి బోవును. తొందరపడినచో ఆ రక్షణ ముందే తీరును. ఆలసించినచో అంచు పగవానిదగును.

"ఇది ధర్మమేనా, నాయనా?" యని యడిగితిమి.

"నేను వానిని ముట్టనైన లేదు గదా, అత్తయ్యా! కబడ్డీలో కూతకు వచ్చినవానిని గీత చేరనిత్తురా?" యనెను.

మాకు జవాబు తోచలేదు. ఆటలో నది తప్పు గాదు. ఎంతో సాధనచే వచ్చు నేర్పు. కాని ఆ రాత్రి, చిన్ననాడు తండ్రిగారు మాకు జెప్పిన ద్రోణపర్వకథ తలపునకు వచ్చి నిద్ర పట్టలేదు. అభిమన్యుని గూల్చినవారు వేఱు. వాని వెనుక రాబోయిన పాండవులను వ్యూహద్వారమున నిలిపినవాడు సైంధవుడు.

అంతకు నెల దినముల ముందు మా మరిదికి ఉద్యోగము పోయినది. "వదినా, మీ ముందుగదిలో నాలుగు నెలలు తలదాచుకొందునా?" యని ఫోనులో నడిగెను. మేము కాదనలేదు, పరుషముగా నొక్క మాట పలుకలేదు. "కుట్టుమిషను, ట్రంకుపెట్టెలు అందే యున్నవి గదా" యని మాత్రమంటిమి. ఆ మిషనుపై మేము కుట్టి యేడాదియైనది. మా వారు విని యూరకుండిరి. మరిది మఱల నడుగలేదు. మేమును అతనిని కొట్టలేదు. చోటు నాక్రమించి యుంటిమి, అంతే.

మఱునాడు మేనల్లుడు మఱియొక సంగతి చెప్పెను. 2014లో వెలువడిన ఆ యాట క్రొత్త రూపములలో ఈ నియమమును మార్చిరట. వెనుక వచ్చినవాడు అంచును బట్టినచో ముందున్నవాని పట్టు విడిపోవునట. ఆట గట్టినవారే నియమమును మార్చుకొనగా, ఇల్లు దిద్దుకొనువారమైన మేము మార్చుకొనలేమా? ఆ సాయంకాలమే మిషనును వంటింటి వసారాలోనికి జరిపించి, మరిదికి మేమే ఫోను చేసితిమి. అతడు కొంతసేపు పలుకలేదు. పిమ్మట "వచ్చెదను వదినా" యనెను.

అతడు వచ్చి రెండు నెలలైనది. పని యింకను దొరకలేదు; ఇల్లు ఇఱుకైన మాట నిజమే. మా చిన్నవానికి రాత్రులు లెక్కలు చెప్పుచున్నాడు.

సోదరీమణులారా! ఆటలో పడినవాడు మరల లేచి యాడును. సంసారములో పడినవారికి మన వాకిలియే అంచు. దానిని మన మే మిషచేత నాక్రమించి యున్నామో యొకసారి చూచుకొందము.