అమ్మ బైబిలులోని చీటీ



1989 సెప్టెంబరు 3వ తేదీ సాయంకాలం బ్రెజిల్ దేశంలోని మరబా పట్టణం నుండి బెలేమ్ పట్టణానికి వారిగ్ సంస్థ విమానం ఒకటి బయలుదేరింది. సిబ్బందితో కలిపి 54 మంది ఉన్నారు. గంటలోపు ప్రయాణమే. పైలట్ చేతిలోని కాగితంలో దిక్కు 0270 అని ఉంది. చివరి అంకె డిగ్రీలో పదవ వంతు. అనగా 27 డిగ్రీలు, ఉత్తరానికి కొంత తూర్పుగా. ఈ నాలుగంకెల పద్ధతి క్రొత్తది, ఆయన సెలవులో ఉండగా వచ్చినది. ఆయన దానిని 270 అని చదివి, విమానాన్ని తిన్నగా పడమటికి త్రిప్పాడు.

ప్రక్కన సహ పైలట్ ఉన్నది పొరపాటు పట్టుకొనుటకే. అయితే అతడు కాగితం చూడలేదు. పెద్దాయన పెట్టిన అంకె చూసి తానూ అదే పెట్టుకొన్నాడు. రెండు యంత్రాలూ ఒకే మాట చెప్పాయి. రెండూ తప్పే.

బెలేమ్ వెళ్ళేవారికి సాయంకాలపు సూర్యుడు ఎడమ చేతి వైపు ఉండాలి. ఆ దినమున ఎదురుగా ఉన్నాడు. చీకటి పడినా పట్టణపు దీపాలు కనబడలేదు. మూడు గంటలకు పైగా ఎగిరి, ఇంధనం అయిపోయి, అమెజాన్ అడవిలో చెట్ల మీద పడింది. 12 మంది చనిపోయారు. బ్రతికినవారిలో కొందరు అడవిలో నడచి వెళ్ళి కబురు చేర్చగా, రెండు దినములకు సహాయం వచ్చింది.

ఇది చదివిన రోజు నాకు మా అమ్మ జ్ఞాపకం వచ్చింది.

అమ్మకు రక్తపోటు. మందుల చీటీలో మాత్ర పేరు ఎదుట 1/2 అని ఉంది. అన్నయ్య దానిని ఒకటి గాని రెండు గాని అనుకొని, రోజుకొకటి వేశాడు. అమ్మ మా ఇంటికి వచ్చిన తరువాత నేనూ ఒకటే వేశాను. అన్నయ్య చదువుకొన్నవాడు, సంఘ పెద్ద. ఆయన వేసినది తప్పవుతుందని నాకు తోచలేదు. చీటీ అమ్మ బైబిలులోనే ఉంది. నేను తీసి చూడలేదు.

కళ్ళు తిరుగుతున్నాయిరా అని అమ్మ వారం రోజులు చెప్పింది. వయసు కదమ్మా అన్నాను. ఒక తెల్లవారుజామున నూతి దగ్గర పడిపోయింది. తుంటి విరిగింది. ఆసుపత్రిలో నర్సమ్మ చీటీ చూసి, "అర మాత్రండీ ఇది" అన్నది.

అమ్మ బ్రతికింది. కాని కర్ర లేకుండా మరి గుడికి నడవలేదు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఒక్కసారి మాత్రం, "నా బైబిల్లోనే ఉంది కదరా, తీసి చూడలేకపోయావా?" అన్నది.

బెరయలోని విశ్వాసులను తలచుకొనండి. పౌలు అంతటివాడు బోధించినా వారు ప్రతి దినము లేఖనములు తెరచి పరిశోధించారు. అది పౌలును అవమానించుట కాదు. అందుకే వారు ఘనులని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో వ్రాయబడినది.

మా పాస్టరుగారంటే నాకెంతో గౌరవం. అయినను ఆయన వాక్యం చెప్పుచుండగా ఇప్పుడు నా బైబిలు తెరచియే ఉంచుతున్నాను. ఆయన కోరేదీ అదే.

ప్రక్కవారిని చూసి కాక, వాక్యమును చూసి నడచుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.