పాలంటే పేచీ... మజ్జిగంటే రాజీ!

ఒకే తల్లి బిడ్డలు. పెద్దోడు గ్లాసెడు పాలు గటగటా తాగేసి బడికి పోతాడు. చిన్నదేమో నాలుగు గుక్కలు తాగగానే కడుపు పట్టుకుంటుంది. ‘బడి ఎగ్గొట్టే వేషాలు’ అని అమ్మ కసురుతుంది. ‘పాలు తాగకుంటే బలమెట్లొస్తాదే’ అని అవ్వ నిష్ఠూరమాడుతుంది. శ్రీశైలం దారిలో, నల్లమల అంచునున్న ఆత్మకూరులోనే కాదు, పాడి ఉన్న ఏ ఊళ్లోనైనా కనిపించే తంతే ఇది.

ఆ పిల్ల చెప్పేది నిజమే కావచ్చు. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించేది చిన్నపేగులో తయారయ్యే లాక్టేజ్ అనే ఎంజైమ్. పసితనంలో పుష్కలంగా ఉండే ఈ ఎంజైమ్, తల్లిపాలు మానాక చాలామందిలో క్రమంగా తగ్గిపోతుంది. ప్రపంచంలో మూడింట రెండొంతుల మంది పెద్దవాళ్లది ఇదే తీరు. అరగని చక్కెర పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి. ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి, విరేచనాలు అందుకే.

మరి అన్నకు ఎలా పడుతున్నాయి? రెండో క్రోమోజోమ్ మీద, లాక్టేజ్ జన్యువుకు దగ్గర్లో ఒక్క అక్షరం మారితే చాలు, ఆ ఎంజైమ్ పెద్దయ్యాకా తయారవుతూనే ఉంటుంది. 2002లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. అమ్మ నుంచో నాన్న నుంచో ఆ మార్పు ఒక్కటి అందినా సరిపోతుంది. ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటే ఉంటే, ఏదీ అందని బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. అంటే, అమ్మానాన్నలకు పడిన పాలు బిడ్డకు పడకపోవచ్చన్నమాట.

హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, విదేశీ పరిశోధకులతో కలిసి చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. ఐరోపా వాసుల్లో ఉన్న మార్పే మనవాళ్లలోనూ ఉందని, దేశంలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ అది తగ్గుతోందని, పశువుల కాపరుల్లో ఎక్కువని తేలింది.

మన పెద్దలకు జన్యువుల సంగతి తెలియకపోయినా తోడుపెట్టడం తెలుసు. పాలు తోడుకునేటప్పుడే బ్యాక్టీరియా లాక్టోజ్‌ను కొంత వాడేసుకుంటాయి. కడుపులోకి వెళ్లాక మిగిలినదాన్ని అరిగించడానికీ సాయపడతాయి. నీళ్లు కలిపిన మజ్జిగలో అది మరీ పలచన. పాలు పడనివారిలో చాలామందికి మజ్జిగ పడేది ఇందుకే. ఇక బలం మాటకొస్తే, సీమవాసులకు రాగిసంగటి ఉండనే ఉంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.

అలాగని ప్రతి కడుపునొప్పినీ పాల మీదకు నెట్టకూడదు. పాలు తాగగానే దద్దుర్లు, ఆయాసం వస్తే అది అలర్జీ కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించాలి. లాక్టోజ్ అరుగుతోందో లేదో ఊపిరిలో హైడ్రోజన్ కొలిచి చెప్పే పరీక్ష కూడా ఉంది. కొందరికి అన్నం తిన్నాక అరగ్లాసు పాలైతే ఇబ్బందే ఉండదు. ఎంతవరకు పడుతున్నాయో కొద్దికొద్దిగా ఇచ్చి చూసి, అక్కడితో ఆపేస్తే సరి.